ఔట్‌సోర్సింగ్ ల్యాబ్ టెక్నీషియన్ల జీతాల చర్చలు: నా అనుభవం

నేను ఒక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, అంటే ఆసుపత్రిలో పని, జీతం మాత్రం ఏజెన్సీ ద్వారా. 2024లో మా జీతాల మీద జరిగిన చర్చల్లో యూనియన్ తరఫున కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఫార్మసిస్టులు, రేడియోగ్రాఫర్లు ఎందరో ఇదే బాధ పడుతున్నారు, వాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

తెలంగాణలో 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ జీతాలు మూడు శ్లాబులు: 15,600, 19,500, 22,750 రూపాయలు. మమ్మల్ని మధ్య దాంట్లో పెట్టారు. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివి, పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయి, రక్తం రోగికి సరిపోతుందో చూసే క్రాస్ మ్యాచింగ్ దాకా చేసేవాళ్లం కాబట్టి పై శ్లాబు ఇవ్వాలని అడిగాం. 2024 సెప్టెంబరులోనే 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అందులో స్కేలు 32,810 నుంచి మొదలు. అదే బెంచీ మీద అదే పని చేస్తున్న మాకు అది చూస్తే కడుపు మండదా? తాత్కాలిక ఉద్యోగులకైనా రెగ్యులర్ స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ మనుషులకు అది వర్తించదని చర్చల్లో అవతలివాళ్లు వాదించారు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందని మేం జీవో 60నే పట్టుకున్నాం.

ఖాళీలు నిండక రాత్రి డ్యూటీకి ఒక్కరమే ఉండేవాళ్లం. డెంగీ సీజన్. క్యాజువాలిటీ నుంచి సీబీపీ (రక్త కణాల లెక్క) పరీక్షకు ట్యూబులు వస్తూనే ఉంటాయి, మధ్యలో లేబర్ రూమ్ నుంచి రక్తం కావాలని ఫోన్. సమ్మె నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాం. మొత్తం ల్యాబ్ మూసేస్తేనే దిగొస్తారని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్న పిల్లాడి రిపోర్టు ఆపి జీతం అడగలేం. నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ఎమర్జెన్సీ, బ్లడ్ బ్యాంక్ నడిపాం, ఓపీ శాంపిల్స్ మాత్రం రోజూ కాసేపు ఆపాం. ఇప్పటికీ అదే సరైన పని అని నా నమ్మకం.

కార్మిక శాఖ అధికారి చర్చలకు పిలిచారు. ఏజెన్సీ మేనేజర్ మొదటి మాటే "మేడం, బడ్జెట్ రిలీజ్ కాలేదు, మేమెక్కడి నుంచి తెచ్చివ్వాలి?" అధికారి అప్పట్లో అమల్లో ఉన్న కాంట్రాక్ట్ లేబర్ చట్టం సెక్షన్ 21 తీశారు. ఏజెన్సీ జీతం ఇవ్వకపోతే ఆసుపత్రే ఇచ్చి, ఏజెన్సీ బిల్లులో కోసుకోవాలి. అది విన్నాక ఆసుపత్రి తరఫున వచ్చినాయన మా మాట శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు.

మా పీఎఫ్ పాస్‌బుక్‌లు బల్ల మీద పెట్టాక గది స్వరమే మారింది. ఉమంగ్ యాప్‌లో అందరివీ దింపి ప్రింట్లు తీసుకెళ్లాం. పే స్లిప్‌లో నెలకు 2,340 కోత. పాస్‌బుక్‌లో మా వాటా కింద జమ 1,440. పీఎఫ్ వాటా జీతంలో 12 శాతం, అంటే మా జీతం 12,000 అని చూపించి కడుతున్నారు! కొన్ని నెలలైతే జమే లేదు. మేనేజర్ కాగితాలు తిరగేసి, సిస్టమ్ పొరపాటన్నాడు. అందరికీ ఒకే పొరపాటు ఎలా జరుగుతుందని అధికారి అడిగితే జవాబు లేదు. శ్లాబు విషయంలో వాళ్లు దిగొచ్చింది ఆ తర్వాతే.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. జీతంలోంచి చందా కట్టించుకుని కుటుంబానికి వైద్యం ఇచ్చే ఈఎస్ఐ బీమాకు అప్పటి జీతం హద్దు 21,000. మాకు 22,750 వస్తే కార్డు పోతుంది. మాతోపాటే జీతం పెరగాల్సిన ఎక్స్‌రే విభాగం అన్న ఒకరున్నారు, వాళ్లమ్మకు డయాలసిస్ ఆ కార్డు మీదే. "చెల్లీ, మూడు వేలు పెరిగితే సంతోషమే. అమ్మ సంగతేంటి?" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్రలేదు.

యూనియన్ పెద్దాయన ఒకరు దారి చెప్పారు. ఈఎస్ఐ చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదలయ్యాక జీతం హద్దు దాటితే ఆ కాలం చివరిదాకా సభ్యత్వం ఉంటుంది. మొదటి రోజు నుంచే దాటి ఉంటే ఉండదు. ఏజెన్సీ అక్టోబరు 1 నుంచి పెంచుతామంటే, మేం నవంబరు 1 నుంచి చాలన్నాం. తలా 3,250 వదులుకున్నట్టే. కుర్రాళ్లు కొందరు కోప్పడ్డారు, వాళ్లకూ ఈఎంఐలున్నాయి. కానీ మార్చి దాకా చందా కడితే దాని వెంట వచ్చే వైద్యం ఇంకొన్ని నెలలు అందుతుంది, ఆ లోపు అన్న వేరే ఏర్పాటు చూసుకోవచ్చు. చివరికి అందరూ సరేనన్నారు.

ఒప్పందంలో ఇంకోటి రాయించుకున్నాం. ఆ 1,284 పోస్టుల నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 దాకా వెయిటేజీ ఉన్నాయి. ఆరు నెలలకు రెండు పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే రెండున్నర. సర్వీసు సర్టిఫికెట్ లేకపోతే అన్నేళ్ల నైట్ డ్యూటీలు లెక్కలోకే రావు. అడిగినవాళ్లందరికీ ఆలస్యం లేకుండా ఆ సర్టిఫికెట్ ఇవ్వాలని మినిట్స్‌లో (చర్చల రికార్డులో) ఎక్కించాకే సంతకం పెట్టాం.

నవంబరు జీతం కొత్త శ్లాబులోనే పడింది. పీఎఫ్ బకాయిలు విడతలుగా కొంత జమయ్యాయి, మిగిలినదానికి పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. రాత్రికి రెండో టెక్నీషియన్ కావాలన్న మా కోరికకు మాత్రం "కొత్తవాళ్లు వచ్చాక చూద్దాం" అని రాసిచ్చారు. దానికి గడువు తేదీ వేయమని మళ్లీ వినతిపత్రం ఇచ్చాం.