పుర్రె ఎముక అమర్చాక మెదడు ఎలా తేరుకుంటుంది

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తలకు దెబ్బ తగిలితే బరంపురమో విశాఖో తీసుకెళ్తారు. మెదడు బాగా వాచితే పుర్రె ఎముక ముక్క తీసేస్తారు. వాపు తగ్గాక, మామూలుగా 3 నుంచి 6 నెలల్లో, అదే ముక్కనో టైటానియం పలకనో అమరుస్తారు. "గుంత పూడ్చడానికేగా, పంట చేతికొచ్చాక చూద్దాం" అని వాయిదా వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి అలా చెయ్యకండి. ఎముక లేనిచోట బయటి గాలి ఒత్తిడికి చర్మం లోపలికి దిగి మెదడును నొక్కుతుంది. అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది. లేచి కూర్చుంటే తలనొప్పి, మందకొడితనం, చేతి పట్టు సడలడం. పడుకుంటే కాస్త నయం. ఇలాంటి వాళ్లలో కొందరు ఎముక పెట్టిన కొద్ది రోజులకే చురుగ్గా అవుతారు. కానీ మొదటి దెబ్బకే పాడైన భాగాన్ని పలక బాగుచెయ్యదు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

నడక వచ్చిందా అని అందరూ చూస్తారు, ధ్యాస సంగతి ఎవరూ పట్టించుకోరు. దెబ్బ తగిలిన మనిషి చేత టీ పెట్టించి చూడండి, పక్కన ఒకరు ఉండి. నీళ్లు కొలిచాడా, పొడి వేశాక పంచదార రెండోసారి వేశాడా, స్టవ్ ఆపాడా? ఆగిపోతే గిన్నె లాక్కోకుండా "తర్వాతేంటి?" అని అడిగి, జవాబు కోసం ఆగాలి. టీవీ ఆపేసి 15 నిమిషాలు చాలు. అలిసిపోయాక చేయిస్తే విసుగే మిగులుతుంది.

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మనిషికి రెండూ ఒకే వేగంతో తిరిగి రాకపోవచ్చు. ఒడియాలోనే పరీక్షిస్తే అతని మాట, తెలివి ఉన్నదానికంటే తక్కువగా కనిపించే అవకాశం ఉంది. దెబ్బకు ముందు ఏ భాషలో ఎక్కువ మాట్లాడేవాడో థెరపిస్టుకు తప్పక చెప్పండి.

బాగవుతున్న మనిషి మళ్లీ వెనక్కి పోతుంటే నీరసమని సరిపెట్టుకోవద్దు. కాళ్లు ఈడ్చడం, పక్క తడపడం, మందంగా ఉండటం కలిసి వస్తే మెదడులో నీరు చేరుతుండొచ్చు. జ్వరం, కుట్ల దగ్గర చీము గానీ నీరు గానీ కారడం, వాంతులు, మత్తు ముదరడం చూస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడం దండగ. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ఫిట్స్ మాత్రలు అయిపోయాయని, బాగానే ఉన్నాడని సొంతంగా ఆపొద్దు. డాక్టరు సరేననే దాకా బావి గట్టు, చెరువు, బండి దగ్గరికి ఒంటరిగా పంపొద్దు.

సొంత ఎముకే పెట్టినా కొన్ని నెలలకు అది అరిగిపోవచ్చు, పిల్లల్లో మరీను. అమర్చినచోట మళ్లీ మెత్తగానో గుంతగానో తగిలితే స్కాన్, డిశ్చార్జి కాగితాలతో వెళ్లి చూపించండి.