మొదట చెప్పు, తర్వాత రాయి

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌కి తయారయ్యే వాళ్లకి వ్యాసం, చరిత్ర చెబుతుంటాను, అదీ ఒక్కొక్కరికే. బ్యాచ్ పెట్టమని చాలామంది అడుగుతారు గానీ నాకు మనసొప్పదు. నిండా జనం ఉన్న క్లాసులో పాఠం చెప్పొచ్చు, నోట్సు ఇవ్వొచ్చు, కానీ ఒకరు రాసిన వాక్యం దగ్గర ఆగి "ఇక్కడ నువ్వేమనుకున్నావు?" అని అడగడం కుదరదు. రాత బాగుపడేది అక్కడే.

జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులకు, మూడు గంటల్లో మూడు వ్యాసాలు. ఆ టెన్షన్‌తోనే బట్టీ పట్టిన పేరాలు దించేస్తారు.

ఈమధ్య ఒకమ్మాయి తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసుకొచ్చింది. మొదటి వాక్యం: "ఈ పోరాటానికి అనేక సామాజిక, ఆర్థిక, రాజకీయ కారణాలు కలవు." తప్పేం లేదు, ఏ పోరాటానికైనా అతికించొచ్చు. కాగితం బోర్లించి, "సరేనమ్మా, వాళ్లెందుకు తిరగబడ్డారో నాకు చెప్పు" అన్నాను.

"వెట్టి సార్. దొర ఇంట్లో ఏ పనైనా కూలి లేకుండా చెయ్యాలి. దున్నేది ఒకరు, భూమి దొరది. పాలకుర్తిలో ఐలమ్మ పంటను కూడా ఎత్తుకుపోవాలని చూశారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపులో ఉన్న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు, దాంతో పోరాటం వచ్చింది" అని ఆగకుండా చెప్పింది.

ఇదే రాయమంటే, "ఇలా మామూలు మాటల్లో రాస్తే మార్కులు వేస్తారా సార్?" అంది. దాదాపు అందరూ అడిగే ప్రశ్నే ఇది, విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ గైడులో ఉన్నట్టు రాస్తేనే మార్కులని నేర్పింది మనమే.

రాశాక చివరి మాట దగ్గర ఆగాం. కొమరయ్య చనిపోయినందుకే పోరాటం వస్తే, ఆ రోజు ఊరేగింపులో అంతమంది ఎందుకున్నారు? కాసేపు ఆలోచించి, అప్పటికే రైతుల తరఫున నిలబడ్డ ఆంధ్ర మహాసభ సంఘాలు ఊళ్లలో ఉన్నాయనీ, వెట్టిని ఎదిరించడం ముందే మొదలైందనీ, కాల్పులతో అది ఇంకా రాజుకుందనీ తనే దిద్దుకుంది. "అనేక కారణాలు కలవు" అని వదిలేసి ఉంటే ఆ పొరపాటు నాకూ కనపడేది కాదు, తనకూ కనపడేది కాదు.

గడియారం పెట్టి రాయించడం వచ్చే వారం నుంచి. ఈలోగా కృష్ణా నీళ్ల పంపకాల గురించి చదువుకుని రమ్మన్నాను, ముందు నోటితో చెప్పడానికి.