పడిశమనుకున్న జ్వరం

గత ఆగస్టులో ముసురు పట్టిన ఒక సాయంత్రం, హన్మకొండలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నవాణ్ణి, గంట తిరక్కుండానే వణుకుతూ రెండు దుప్పట్లు కప్పుకొని పడుకున్నాను. పడిశమైతే ముందు గొంతు గరగరలాడి, తర్వాత ముక్కు కారి, నింపాదిగా వస్తుంది. ఇది ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి చెప్పగలిగేటంత హఠాత్తుగా వచ్చింది. జ్వరం 103 డిగ్రీలు. కనుగుడ్లు కదిలిస్తే నొప్పి. మరునాడు పొద్దున నీళ్ల చెంబును రెండు చేతులతో పట్టుకుంటే తప్ప ఎత్తలేకపోయాను.

అయినా దాన్ని వానాకాలపు పడిశం కిందే జమకట్టాను. నా వయసు 61, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. వీధి చివరి క్లినిక్కులో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసి, పారాసిటమాల్ బిళ్లలిచ్చి పంపారు. ఇంజెక్షన్ కావాలని అడిగింది నేనేనని ఒప్పుకోవాలి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠంలో చెప్పినవాణ్ణి కూడా నేనే.

నాలుగో రోజుకు తగ్గుముఖం పట్టిన జ్వరం ఐదో రాత్రి తిరగబెట్టింది. మంచం నుంచి బాత్రూముకున్న ఏడెనిమిది అడుగులకే ఆయాసం వచ్చింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరును మా ఆవిడ బీరువాలోంచి తీసి, బ్యాటరీలు మార్చి, నా వేలికి తగిలించింది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే అంకె 94 దగ్గర కాసేపు తచ్చాడి, 89కి దిగి అక్కడే నిలిచింది. ఆమె ఏమీ అనకుండా అబ్బాయికి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో ముక్కులోంచి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లుయెంజా ఏ, అంటే ఫ్లూ వైరస్, అందులో హెచ్3ఎన్2 రకం అని తేలింది. శ్వాసనాళాల లోపలి పొరను ఫ్లూ వైరస్ దెబ్బతీయడంతో ఆ దారిన బ్యాక్టీరియా చొరబడి, కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా వచ్చింది. అంటే యాంటీబయాటిక్ నిజంగా అవసరమైంది అప్పుడే. ఫ్లూ వైరస్‌కు వాడే ఒసెల్టామివిర్ అనే మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే మేలు ఎక్కువని, నా పరిస్థితిలో ఆలస్యమైనా ఇవ్వవలసిందేనని చెప్పి, రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు ఇచ్చారు. ఆరు రోజులు అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, ఫ్లూ టీకా వేయించుకున్నారా?" అని డాక్టరు గారు అడిగితే తల దించుకున్నాను. అంతకు ముందు ఏడాదే మా షుగరు డాక్టరు గారు చెబితే, ఆ సూదితోనే జ్వరం వస్తుందట కదా అని తప్పించుకున్నాను. మన దగ్గర ఎక్కువగా వేసే ఇంజెక్షన్ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కనుక దానితో ఫ్లూ రాదని, చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల నలత మామూలేనని ఆస్పత్రి డాక్టరు గారు ఓపికగా వివరించారు. ప్రతి ఏటా ఎందుకని అడిగాను. వైరస్ పైనుండే ప్రోటీన్లు కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, టీకాలో ఏ రకాలుండాలో సూచిస్తుందట. ఫ్లూ వైరస్‌లలో బీ అనే రకానికి చెందిన యమగాటా శాఖ 2020 మార్చి తర్వాత కనిపించకపోవడంతో నాలుగు రకాల టీకాను మళ్లీ మూడు రకాలకు తగ్గించమన్నారని విన్నప్పుడు, నాలోని పాత మాస్టారుకు జ్వరంలోనూ ఉత్సాహం వచ్చింది.

టీకా సరిగ్గా సరిపోయిన ఏడాదిలోనూ జబ్బు ముప్పు 40 నుంచి 60 శాతం వరకే తగ్గుతుందని తెలిసి మొదట పెదవి విరిచాను. అయితే టీకా వేసుకున్నాక ఫ్లూ వచ్చినా, ఆస్పత్రి దాకా పోయే అవకాశం తక్కువట. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకొని వింటుంటే ఆ మాట తేలిగ్గా అనిపించలేదు.

దగ్గు ఐదు వారాలు వదల్లేదు. భద్రకాళి చెరువు గట్టు మీద మునుపటిలా నడవడానికి దసరా దాటింది.

మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర మరోసారి విజృంభిస్తుంది. టీకా రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకే ఈ మే నెలలోనే ఇంటిల్లిపాదీ వేయించుకున్నాం. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి కనుక, నాలుగేళ్ల మా మనవడిని జూన్‌లో మళ్లీ తీసుకెళ్లాం. తాతకు ఒక్కటే వేసి తనకు రెండెందుకు వేశారని వాడు ఇంకా అలిగే ఉన్నాడు.