అమ్మ ఇచ్చిన కిడ్నీ, ఎవరూ అడగని పరీక్ష

మా ఇంట్లో నా ఆరోగ్యమంటే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ అంకె. అమ్మ ఇచ్చిన కిడ్నీని చెన్నైలో నాకు అమర్చాక, కనిగిరిలో రక్తపరీక్షకు వెళ్లివచ్చిన ప్రతిసారీ నాన్న గుమ్మంలోనే "ఎంత వచ్చిందమ్మా?" అని అడిగేవారు. డయాలసిస్ రోజులు చూసిన ఇల్లు కదా, ఆ భయం పోదు.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. నెలసరి సరిగ్గా రావడం లేదని ఒంగోలులో ఒక స్త్రీల వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ నా మందుల చీటీలో రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ పేర్లు చూసి, "గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అన్నారు. ఎప్పుడూ చేయించుకోలేదు. మార్పిడి తర్వాత చూపించుకున్న చోట బీపీ, షుగరు, మూత్రంలో ప్రొటీను అన్నీ చూశారు గాని ఈ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

బల్ల మీద పడుకున్నప్పుడు నా భయమంతా కిడ్నీ గురించే. మార్పిడి చేసిన కిడ్నీ వీపు వైపు కాదు, పొత్తికడుపులో ఒక పక్కన ఉంటుంది. ఎక్కడ నొక్కుతారో అని బిగుసుకుపోయాను. "అది ఎక్కడుందో నాకు తెలుసమ్మా, దాని జోలికి వెళ్లను" అన్నారావిడ. ఆ మాటతోనే ఊపిరి తీసుకున్నాను.

పాప్ స్మియర్‌లో, అంటే ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్షలో, తేడా కనిపించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల హెచ్‌పీవీ అనే వైరస్‌లో 16వ రకం ఉందని తేలింది. తర్వాత ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే కాల్పోస్కోపీలో ఆమ్లం అద్దితే తెల్లబడిన చోటి నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ, సీఐఎన్ 3. నాకు నొప్పి గాని రక్తస్రావం గాని లేవు. ఈ దశలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదట.

ఇంట్లో అసలు చిక్కు ఆ వైరస్ పేరుతో వచ్చింది. అది కలయిక ద్వారా సోకుతుందని తెలియగానే అత్తగారింట్లో చూపులు మారాయి. నా భర్తను వెంటబెట్టుకుని ఆ వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. పెళ్లయిన ఆడామగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుందని, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే వదిలించుకుంటుందని ఆవిడ చెప్పారు. కిడ్నీని శరీరం తిరస్కరించకుండా మేం వేసుకునే మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి గనుక మాలో అది పాతుకుపోతుంది. ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు. ఆయన మౌనంగా విని, బయటకు వచ్చాక నా చెయ్యి పట్టుకున్నారు.

"గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అంది మా పిన్ని. మన పల్లెల్లో ఎంతమందికి ఇలా తేలిగ్గా తీసేశారో! నాకు ఆ అవసరం రాలేదు. లీప్ అనే పద్ధతిలో, మత్తు సూది చేసి, విద్యుత్ తీగతో పాడైన పొరను మాత్రమే తీసేశారు. అంతకుముందే ఆవిడ నా కిడ్నీ డాక్టరుతో ఫోనులో మాట్లాడారు. మందుల మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారని, సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపవద్దని గట్టిగా చెప్పారు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి పడవు కాబట్టి పారాసిటమాల్ ఇచ్చారు. కొన్ని వారాలు బరువులెత్తలేదు, కలయికకు దూరంగా ఉన్నాను.

తర్వాతి పరీక్షలు బాగానే వచ్చాయి, కానీ వదిలేయడానికి లేదు. వైరస్ మళ్లీ తలెత్తవచ్చు. మార్పిడి అయినవాళ్లు ఏటా చూపించుకోవడం మంచిదంటారు. లీప్ అయిన నాకు మొదట్లో ఇంకా తరచుగా పిలిచారు. హెచ్‌పీవీ టీకా కూడా వేయించుకున్నాను. అందులో బతికున్న వైరస్ ఉండదు గనుక మాకు ఇవ్వవచ్చు. ఉన్న జబ్బును అది తగ్గించదు, నాకింకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. మాలాంటివాళ్లకు మూడు డోసులు.

ఒంగోలు వెళ్లినప్పుడు డయాలసిస్ సెంటరులో ఆగి, మార్పిడి కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లతో మాట్లాడుతుంటాను. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలు కాకముందు వేసుకుంటేనే టీకా బాగా పనిచేస్తుంది. మొన్న ఒక అమ్మాయి ఆ విషయం డాక్టరును అడగడానికి మొహమాటపడుతుంటే, ప్రశ్న కాగితం మీద రాసిచ్చాను.