పిల్లలే జ్యూరీగా కూర్చునే జర్మన్ పుస్తకాల బహుమతి: రెండేళ్ల నా అనుభవం

జర్మనీలో పిల్లల పుస్తకాలకు, టీనేజ్ పుస్తకాలకు ఏటా ఇచ్చే పెద్ద బహుమతి ఒకటుంది. పేరు డాయిచర్ యుగెండ్‌లిటెరాటూర్‌ప్రైస్. 1956 నుంచి ఇస్తున్నారు. ఇక్కడి కేంద్ర ప్రభుత్వం క్రమం తప్పకుండా ఇచ్చే సాహిత్య బహుమతి ఇదొక్కటేనట, దాన్ని పిల్లల పుస్తకాల కోసం పెట్టారని మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా సంతోషమేసింది. డబ్బు కుటుంబ, యువజన వ్యవహారాల మంత్రిత్వ శాఖది, పని నడిపేది మ్యూనిక్‌లో ఉండే ఆర్బైట్స్‌క్రైస్ ఫ్యూర్ యుగెండ్‌లిటెరాటూర్ అనే సంస్థ. ఇవన్నీ ఎవరు వెతికినా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది ఇందులో యుగెండ్‌జ్యూరీ అనే భాగం గురించి. అంటే పిల్లలే చదివి, పిల్లలే వాదించుకుని, పిల్లలే బహుమతి ఇచ్చే విభాగం. మా అమ్మాయి వెళ్లే క్లబ్బు రెండేళ్లు అందులో ఉంది, ఆ క్లబ్బుకి వాలంటీరుగా నేనూ ఉన్నాను.

ముందు లెక్క చెప్పేస్తాను. బొమ్మల పుస్తకం, పిల్లల పుస్తకం, టీనేజ్ పుస్తకం, నాన్‌ఫిక్షన్ అని నాలుగు విభాగాలకు పెద్దవాళ్ల విమర్శకుల జ్యూరీ ఉంటుంది. 2003 నుంచి వీటికి తోడు పిల్లల జ్యూరీ వచ్చింది. దేశం నలుమూలల నుంచి ఆరు రీడింగ్ క్లబ్బుల్ని తీసుకుంటారు, ఒక్కో క్లబ్బు రెండేళ్లు ఉంటుంది. ఇవి కాక ఒక రచయితకో, చిత్రకారుడికో, అనువాదకురాలికో మొత్తం కృషికి ఇచ్చే ప్రత్యేక బహుమతి ఒకటి, కొత్తవాళ్లకు ఇంకొకటి. అన్నీ కలిపి 72,000 యూరోలు. నన్ను ఆకట్టుకున్నది ఏంటంటే పెద్దల జ్యూరీ ఒక్కో విభాగానికి 10,000 యూరోలు ఇస్తే పిల్లల జ్యూరీ ఎంచిన పుస్తకానికి కూడా అక్షరాలా అదే 10,000. పిల్లలే కదా అని ఓ జ్ఞాపిక చేతిలో పెట్టి సరిపెట్టలేదు.

మేముండేది జర్మనీ ఉత్తరాన ఓ మధ్యరకం ఊళ్లో. అక్కడి సిటీ లైబ్రరీలో పన్నెండేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా పిల్లలు సాయంత్రం పూట కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. నా ఉద్యోగం ఐటీలో, ఆఫీసు అయ్యాక వెళ్లి కుర్చీలు వేయడం, టీ పెట్టడం, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసుకోవడం నా పని. జ్యూరీకి దరఖాస్తు పెడదామన్నది మా లైబ్రేరియన్, కానీ మమ్మల్ని ఎందుకు తీసుకోవాలి అన్న ఉత్తరం మాత్రం పిల్లలతోనే రాయించింది. జవాబు వచ్చేదాకా పిల్లలకంటే మాకే ఎక్కువ టెన్షన్.

ఎంపికయ్యాక అసలు పని మొదలైంది. ముందటి ఏడాది జర్మన్‌లో కొత్తగా వచ్చిన పుస్తకాలే పోటీకి అర్హం, ప్రచురణకర్తలు వాటిని పెట్టెలు పెట్టెలుగా పంపుతారు. లైబ్రరీ వెనక గది నిండిపోయింది. మొదట్లో పిల్లలు పండగలా ఎగబడ్డారు, కొత్త పుస్తకం వాసన చూడటం, అట్టలు చూసి నాకంటే నాకని కొట్లాడటం. శీతాకాలం వచ్చేసరికి ఆ ఊపు తగ్గింది. స్కూల్లో పరీక్షలు, బయట నాలుగింటికే చీకటి, ఇంట్లో మంచం పక్కన సగం చదివిన నవలల గుట్ట. నచ్చకపోయినా కొన్ని పేజీలు చదివే తీరాలి, పక్కన పెట్టే ముందు ఇంకొకరికి ఇచ్చి చూడాలి అని క్లబ్బు వాళ్లే రూలు పెట్టుకున్నారు. ఒక్కరి అభిప్రాయంతో ఏ పుస్తకమూ బయటికి పోకూడదన్నది వాళ్ల పట్టుదల.

ఖమ్మంలో ఉండే మా అమ్మకి ఇది అస్సలు మింగుడుపడలేదు. "పెద్ద క్లాసుకొచ్చింది, ఇంకా ఈ కథల పుస్తకాలేంటే, దాన్ని చదువుకోనీ" అని ఫోన్లో ఒకటే గొడవ. బహుమతి అంటే సరేనంది. "దానికి ఎంతొస్తుంది మరి?" అనడిగింది. దానికి రాదమ్మా, అదే ఇస్తుంది అన్నాను. "అది ఇవ్వడమేంటే!" అని కాసేపు నోరు మెదపలేదు, తర్వాత మా చుట్టాలందరికీ చెప్పింది.

చర్చల గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ రెండేళ్లలో నేను నేర్చుకున్నదంతా అక్కడే. లైబ్రేరియన్ దగ్గర ఒకటే పద్ధతి. ఎవరైనా "ఈ పుస్తకం చాలా బాగుంది" అంటే "పేజీ చూపించు" అనేది. బోరు కొట్టింది అన్నా అదే మాట, ఏ పేజీ దగ్గర బోరు కొట్టిందో తీసి చదవాలి. మొదట్లో పిల్లలు తడబడేవాళ్లు, పుస్తకం అటూ ఇటూ తిరగేసేవాళ్లు. కొన్నాళ్లకి ప్రతి పుస్తకంలోంచీ రంగురంగుల స్టిక్కర్లు బయటికి వేలాడుతుండేవి. మా అమ్మాయి ఆకుపచ్చ అంటే మంచి వాక్యం, గులాబీ అంటే నమ్మబుద్ధి కానిది, పసుపు అంటే అడగాలి అని పెట్టుకుంది. ఒక పుస్తకానికి మొత్తం గులాబీలే, చివరి అధ్యాయంలో మాత్రం వరసగా ఆకుపచ్చలు. ఏం చేయాలో తెలియక ఆ పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఒక సాయంత్రం గొడవ ఇప్పటికీ గుర్తుంది. పుస్తకం పేరు రాయను, జ్యూరీ గదిలో మాటలు బయట పెట్టడం పద్ధతి కాదు. దాంట్లో ఫ్రెండ్స్ గ్రూప్ చాట్లు చాలా ఉన్నాయి. ఓ అబ్బాయి లేచి ఒక పేజీ గట్టిగా చదివి, "ఇలా ఎవరు చాట్ చేస్తారు? ప్రతి మెసేజ్ చివర ఫుల్‌స్టాప్! ఫుల్‌స్టాప్ పెట్టారంటే మా దగ్గర కోపంగా ఉన్నారని అర్థం" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. పుస్తకం పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు మూల కూర్చునే ఒక అమ్మాయి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు, తన స్టిక్కరు దగ్గర తెరిచి నానమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పటి భాగం చదివింది. చదవడం అయ్యాక, "చాట్ తప్పు రాశారని ఒప్పుకుంటాను, కానీ ఇది తప్పు రాయలేదు, మరి దీన్నేం చేద్దాం?" అనడిగింది. ఎవరూ నవ్వలేదు. అక్కడి నుంచి రాత్రి లైబ్రరీ మూసేదాకా వాదన. ఒక పుస్తకం పిల్లల భాషని సరిగ్గా పట్టుకోలేకపోతే వాళ్ల మనసు పట్టుకుందని ఎలా నమ్మాలి అని ఒకరు, చాట్ భాష ఎలాగూ రెండేళ్లలో మారిపోతుంది, అప్పుడు ఏం మిగులుతుందో చూడండి అని ఇంకొకరు. నాకు ఆ పుస్తకం బాగా నచ్చింది, ఉండబట్టలేక మధ్యలో నోరు తెరవబోయాను. "అమ్మా, నీకు ఓటు లేదు కదా" అంది మా అమ్మాయి, మర్యాదగానే. నిజమే, టీ కలపడానికి వెళ్లాను. చివరికి ఆ పుస్తకం మా జాబితాలో నిలవలేదు. ఆ మూల అమ్మాయి ఓడిపోయినందుకు బాధపడింది కానీ, చాట్ గురించి మాట్లాడిన అబ్బాయి ఆ తర్వాత ప్రతి పుస్తకానికీ ముందు ఆమెనే అడిగేవాడు.

అన్ని క్లబ్బులూ కలిసి ఆరు పుస్తకాల్ని నామినేట్ చేస్తాయి, ప్రతిదానికీ ఎందుకు ఎంచామో రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి. ఇది అన్నిటికంటే కష్టం. అరపేజీ రాయడానికి అంత సమయం పట్టడం నేనెక్కడా చూడలేదు. "హృదయాన్ని తాకే" లాంటి మాటలు రాగానే ఎవరో ఒకరు కొట్టేసేవారు, ఆ మాట ఏ పుస్తకానికైనా అతుకుతుంది కాబట్టి. ఈ పుస్తకానికి తప్ప ఇంకే పుస్తకానికీ అతకని వాక్యం కావాలి. నేను ఇన్నేళ్లుగా ఆఫీసులో రిపోర్టులు రాస్తున్నాను, నా రాతని ఎవరూ అంత నిలదీసి అడగలేదు.

నామినేషన్లు మార్చిలో లైప్‌జిగ్ బుక్ ఫెయిర్‌లో ప్రకటిస్తారు. పెద్దల జాబితా, పిల్లల జాబితా పక్కపక్కనే వస్తాయి, రెండూ ఎంత వేరుగా ఉంటాయో చూడటం ఒక సరదా. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మా క్లబ్బు కంటే ముందుది, 2013 నాటిది. ఆ ఏడాది పిల్లలు అమెరికన్ రచయిత జాన్ గ్రీన్ నవలకు ఇస్తే, పెద్దల జ్యూరీ టీనేజ్ విభాగంలో జార్జియా దేశపు రచయిత్రి తమ్తా మెలాష్విలి రాసిన, యుద్ధం మధ్యలో ఉన్న ఇద్దరు అమ్మాయిల చిన్న నవలకు ఇచ్చింది. రెండూ అనువాదాలే! ఈ బహుమతిలో అనువాదాలకు వేరే గది లేదు, జర్మన్‌లో రాసినదైనా జర్మన్‌లోకి వచ్చినదైనా ఒకే బల్ల మీద కూర్చుంటాయి, రచయిత పేరుతో పాటు అనువాదకుల పేరూ చెబుతారు. జార్జియన్ మాట్లాడేవాళ్లు మన హైదరాబాద్ జనాభా అంత కూడా ఉండరు. తెలుగువాళ్లం ఎనిమిది కోట్ల మందిమి. మంచి తెలుగు బాలల నవల ఒకటి జర్మన్‌లోకి వచ్చి ఇక్కడ అచ్చయితే ఆ బల్ల మీదికి చేరకుండా అడ్డుకునే రూలేదీ లేదు. ఈ విషయం నేను కనబడిన ప్రతి తెలుగు రచయితకూ చెబుతున్నాను, విసుక్కున్నా సరే.

మన దగ్గరా కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, తెలుగుకీ ఇస్తోంది. మంచిదే. ఎంచేది పెద్దలు. దానికి పక్కన ఓ ఆరు ఊళ్ల పిల్లలు చదివి ఇచ్చేది ఇంకొకటి ఉంటే ఎంత బాగుంటుందో అని ఆ లైబ్రరీ గదిలో కూర్చున్నప్పుడల్లా అనిపించేది.

వేసవంతా అందరూ నామినేట్ అయిన పుస్తకాలన్నీ చదివి ఓటు వేశారు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ తయారీ. అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ బుక్ ఫెయిర్ జరిగేటప్పుడు బహుమతి సభ ఉంటుంది, అందులో పిల్లల జ్యూరీ తాము నామినేట్ చేసిన పుస్తకాల్ని చిన్న చిన్న సన్నివేశాలుగా వేదిక మీద చేసి చూపిస్తుంది. కథ చెప్పేయకూడదు, ఆసక్తి పుట్టించాలి, అదీ కొద్ది సమయంలో. మావాళ్లు అట్టపెట్టెలతో సెట్ చేశారు, పుస్తకాలు వచ్చిన పెట్టెలే పనికొచ్చాయి. ఆ అట్టముక్కలు మోసుకుని రైలు ఎక్కాం, కండక్టరు అడిగితే పిల్లలు టికెట్ చూపించే ముందు కథ మొదలుపెట్టారు.

హాల్లో రచయితలు, ప్రచురణకర్తలు, మంత్రిత్వ శాఖవాళ్లు. విజేతల పేర్లు అక్కడ ప్రకటించేదాకా బయటికి రావు, అందుకే ముందు వరసల్లో పెద్దపెద్ద రచయితలు కూడా చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. గెలిచినవాళ్లకు మోమో అనే కంచు బొమ్మ ఇస్తారు. అది మిషాయేల్ ఎండే నవలలోని పాప, ఆ నవలకు 1974లో ఇదే బహుమతి వచ్చింది. మా పిల్లలు వేదిక దిగాక, వాళ్లు ప్రదర్శించిన పుస్తకం రచయిత్రి వచ్చి ఏ పేజీ నచ్చిందని అడిగింది. మా అమ్మాయి బ్యాగులోంచి స్టిక్కర్లతో ఉబ్బిపోయిన పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది, ఆమె నిలబడే ఒక్కో ఆకుపచ్చ స్టిక్కరు దగ్గరా ఆగి చదువుకుంది, గులాబీల దగ్గర కూడా ఆగి ఎందుకో అడిగింది. మా అమ్మాయి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, నాకైతే కాళ్లు వణికాయి. ఆ పుస్తకానికి బహుమతి రాలేదు, మిగతా అయిదింటిలో ఒకదానికి వచ్చింది, రైల్లో తిరిగొచ్చేటప్పుడు దాని మీద కూడా వాదనే.

జర్మనీలో ఉండే మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. జ్యూరీలోకి తీసుకునేది క్లబ్బుల్ని, అందుకని ముందు మీ ఊరి లైబ్రరీలోనో పుస్తకాల షాపులోనో టీనేజ్ పిల్లల రీడింగ్ క్లబ్ ఉందేమో కనుక్కోండి. పిల్లల జర్మన్ అంత బాగుండదని భయం వద్దు, మా క్లబ్బులో ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు మా అమ్మాయి ఒక్కతే కాదు. మ్యూనిక్ దగ్గర ఉంటే బ్లూటెన్‌బుర్గ్ కోటలోని అంతర్జాతీయ బాలల గ్రంథాలయానికి ఓసారి తీసుకెళ్లండి, 1949లో యెల్లా లెప్‌మన్ మొదలుపెట్టింది. జ్యూరీ దాకా వెళ్లకపోయినా పర్వాలేదు, మార్చిలో నామినేషన్ల జాబితా రాగానే చాలా లైబ్రరీలు ఆ పుస్తకాల్ని తెప్పించి పెడతాయి. ముందుగా వెళ్లి రిజర్వ్ చేసుకోండి, ఏప్రిల్ దాటితే దొరకడం కష్టం.