బాబాయ్ పాత డీటీపీ సిస్టమ్‌కి ఫైబర్ నెట్: మూడు శనివారాల కుస్తీ

తణుకులో మా బాబాయ్‌ది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. సిస్టమ్ 2009 నాటిది, కోర్ టూ డుయో ఈ7500, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 32 బిట్. కొత్తది కొనెయ్యొచ్చుగా అని అందరూ అంటారు గానీ అందులో తెలుగు టైపింగ్‌కి అనూ స్క్రిప్ట్ మేనేజరు, పేజీలు పేర్చడానికి పేజ్‌మేకరు, పదిహేనేళ్ల పెళ్ళిళ్ల ఫైళ్లు ఉన్నాయి, వాటి జోలికెళ్తే నాకు ఇంట్లో భోజనం పుట్టదు. కాబట్టి ఉన్నదాంట్లోనే నెట్ నడవాలి.

పాత ఏడీఎస్ఎల్ లైన్ (టెలిఫోన్ తీగ మీద వచ్చే నెట్) తీసేసి 60 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించాం. ఫోన్లలో సూపర్‌గా వస్తోంది, సిస్టమ్‌లో సున్నా.

మొదటి శనివారం

నెట్‌వర్క్ బొమ్మ మీద పసుపు త్రికోణం. వెనక పోర్టు లైటు మాత్రం వెలుగుతోంది. ఫోన్లో చూస్తే రూటర్ అడ్రస్ 192.168.100.1, దానికి సిస్టమ్ నుంచి పింగ్ కొడితే (ఉన్నావా అని పలకరిస్తే) అన్‌రీచబుల్, అంటే అందట్లేదు. నెట్‌వర్క్ కార్డుని నడిపే డ్రైవర్ పోయిందేమో అనుకుని రియల్‌టెక్ డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కించా, గంట వేస్ట్. సిస్టమ్ అడ్రస్ (ఐపీ) చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ ముందే కొట్టి ఉంటే అయిపోయేది, అందులో 192.168.1.25 అని కనపడింది. రూటర్ ఐపీ ఇవ్వకపోతే 169.254తో మొదలయ్యేది రావాలి, అది కాదు, అంటే ఎవరో చేత్తో పెట్టారన్నమాట. ఎవరో కాదు, నేనే. ఏడీఎస్ఎల్ రోజుల్లో రెండు సిస్టమ్‌లకి ప్రింటర్ షేర్ చెయ్యడానికి పెట్టి మర్చిపోయా. పాత మోడెమ్ 192.168.1.1, కొత్త రూటర్ వేరే వీధిలో ఉంది, మన సిస్టమ్ ఇంకా పాత ఇంటి తలుపే కొడుతోంది. ఐపీ ఆటోమేటిక్‌లో పెట్టా, దాని కిందే ఉన్న డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చేది) కూడా మార్చాలి, అది వదిలేస్తే పింగ్ పోతుంది గానీ సైట్లు తెరుచుకోకపోవచ్చు. నెట్ వచ్చింది, టీ తాగి బస్సెక్కేశా.

సోమవారం పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, మళ్ళీ పోయిందిరా."

వీడియో కాల్‌లో చూపించమంటే ఏ సైటు తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదు అంటోంది, కింద మూల తేదీ 2009 జనవరి 1. ఇప్పుడర్థమైంది. బాబాయ్ రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ ఆపేస్తాడు, కరెంటు లేనప్పుడు గడియారం నడిపే బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది, పొద్దున ఆన్ చెయ్యగానే సిస్టమ్ 2009కి వెళ్ళిపోతోంది. ప్రతి సైటు సర్టిఫికెట్‌కీ (అది అసలు సైటేనని చూపే పత్రం) ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని ఉంటుంది కదా, 2009లో కూర్చుని చూస్తే అవేవీ ఇంకా పుట్టనే లేదు. ఇంటర్నెట్ టైమ్ దానంతటదే సరిచేస్తుందని అనుకున్నా గానీ తేడా 15 గంటలు దాటితే విండోస్ తనంతట తాను ముట్టుకోదు, మామూలు సెట్టింగ్ అంతే. ఆ వారమంతా బాబాయ్ రోజూ తేదీ చేత్తో మార్చుకున్నాడు, నన్ను తిట్టుకుంటూ.

రెండో శనివారం

సీఆర్2032 బ్యాటరీ, 40 రూపాయలు. పాతది మల్టీమీటర్‌తో చూస్తే 1.1 వోల్టులు, కొత్తది 3.2. ప్లగ్గు పీకేసి మార్చి, బయోస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగుల్లో) తేదీ పెట్టా, ఐదు నిమిషాల పని. విండోస్ 7కి క్రోమ్ బ్రౌజర్ 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేశా. బ్యాంకు పనులు ఈ సిస్టమ్‌లో వద్దు, ఫోన్లోనే చేసుకో అని చెప్పా, విన్నాడో లేదో.

అప్పుడు బయటపడింది అసలు రోగం. స్పీడ్ 4 ఎంబీపీఎస్. ప్రెస్సుకి పెద్ద ఫైలు పంపుతుంటే మధ్యలో తెగిపోతోంది.

మూడో శనివారం

కంపెనీ వాళ్ళని తిట్టడానికి ఫోన్ చేతిలోకి తీసుకుని, సరే ఒకసారి చూద్దాం అని నా ల్యాప్‌టాప్‌ని మేడ మీద రూటర్‌కి చిన్న కేబుల్‌తో పెట్టా, 58. అదే ల్యాప్‌టాప్‌ని కింద షాపులో పెద్ద కేబుల్ చివర పెడితే 5. పాపం సిస్టమ్ తప్పేం లేదు, కేబులే. 25 మీటర్లు, మెట్ల పక్కనుంచి వస్తుంది. ఎలుకలు కొరికాయేమో అని మొత్తం తడిమి చూశా, లేదు. కేబుల్ టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా అన్ని తీగల లైట్లూ వరసగా వెలుగుతున్నాయి. బుర్ర పాడైంది.

సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డు స్పీడ్‌ని ఆటో నుంచి 10 ఎంబీపీఎస్ హాఫ్ డూప్లెక్స్‌కి (పంపడం, అందుకోవడం ఒకేసారి కాకుండా) మార్చి చూశా, నెమ్మదే గానీ ఒక్కసారి కూడా తెగలేదు. అంటే తీగలు కలిసే ఉన్నాయి, ఆటోలో కుదిరే 100 ఎంబీపీఎస్ దగ్గరే ఏదో గోల. కనెక్టర్‌ని లైటు కింద పెట్టి రంగులు చదివా: నారింజ జత, పచ్చ జత, నీలం జత, గోధుమ జత, చక్కగా జతలు జతలుగా. అదే తప్పు. 100 ఎంబీపీఎస్‌కి 1-2 ఒక జత, 3-6 ఒక జత. ఆ 3, 6 పిన్నుల్లోకి ఒకదాన్నొకటి చుట్టుకున్న ఒకే మెలిక జత రావాలి, ఇక్కడ 3లో పచ్చది, 6లో నీలంది. మెలిక కుదరక ఒక దాని సిగ్నల్ ఇంకో దాంట్లోకి దూరుతుంది, పంపడం రావడం ఒకేసారి జరిగితే ఇంకా ఘోరం. టెస్టర్‌కి ఇవన్నీ తెలీదు, అటు చివర ఇటు చివర తగిలిందా లేదా అంతే చూస్తుంది. పాత 2 ఎంబీపీఎస్ లైన్‌లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ కేబుల్‌కి కనెక్టర్లు బిగించిన (క్రింప్ చేసిన) మహానుభావుడు కూడా నేనే, ఇంజనీరింగ్ సెకండియర్‌లో.

రెండు చివరలూ కత్తిరించి మళ్ళీ కొట్టా. తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. మూడు కనెక్టర్లు పాడుచేశాక కుదిరింది. కార్డు మళ్ళీ ఆటోలో పెట్టా (ఇది మర్చిపోతే 10 దగ్గరే ఉండిపోతుంది). స్పీడ్ 57.

బాబాయ్ వెంటనే వాట్సాప్ వెబ్ తెరిచి, ఎవరో పంపిన శుభలేఖ మేటర్ కాపీ చేసి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేశాడు. అన్నీ ప్రశ్న గుర్తులే. అది యూనికోడు (ఫోన్లూ సైట్లూ వాడే అక్షరాల పద్ధతి), నీ అనూ ఫాంట్లది వేరే పద్ధతి, నెట్‌కి సంబంధం లేదు బాబాయ్ అంటే, "నువ్వు నెట్ ముట్టుకోక ముందు ఇలా లేదురా" అంటున్నాడు. వచ్చే శనివారం కన్వర్టర్ సంగతి చూడాలి.