పెదనాన్నగారి డెస్క్‌టాప్: పాస్‌వర్డ్ జోలికి పోకుండా ఫైళ్లు తీసే పని, ఇంతవరకు

మెషిన్: పోయిన మా పెదనాన్నగారు డీటీపీకి (కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పనికి) వాడిన డెస్క్‌టాప్. విండోస్ 7, 500 జీబీ సాటా (డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే పద్ధతి) హార్డ్ డిస్క్. లాగిన్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. కావలసినవి: పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో కంపోజ్ చేసిన పుస్తకాలు, వర్డ్ ఫైళ్లు, ఫొటోలు. వారసులంతా సరేనన్నాకే కంప్యూటర్ పెట్టె విప్పాం.

విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయదు, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చదు. డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి. కాబట్టి పాస్‌వర్డ్ రీసెట్ టూల్‌తో మొదలుపెట్టడం శుద్ధ తప్పు. బయటి నుంచి పాస్‌వర్డ్ మారిస్తే ఈఎఫ్ఎస్ అనే విండోస్ సదుపాయంతో విడిగా ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు (విండోస్ 7లో వీటి పేర్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి), బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు. వాటిని విప్పడానికి పాత పాస్‌వర్డే కావాలి.

కొత్త ల్యాప్‌టాప్ అయితే కథ వేరు. బిట్‌లాకర్ (డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఒక్క ఫైలూ రాదు. ముందు ఆయన కాగితాలు, పెన్‌డ్రైవ్‌లు వెతకాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనూ ఉండొచ్చు. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది కాబట్టి సిమ్ సరెండర్ చేయొద్దు, రీచార్జ్ ఆపొద్దు. కీ దొరికితే లినక్స్‌లో (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రామ్ 2.3 నుంచి పై వెర్షన్లు ఆ డిస్క్‌ని తెరుస్తాయి. 2018 తర్వాతి మ్యాక్‌లలో టీ2 అనే యాపిల్ భద్రతా చిప్ గానీ యాపిల్ సొంత ప్రాసెసర్ గానీ ఉంటే, స్టోరేజ్ ఊడదీసి వేరేచోట చదివే దారే లేదు.

డిస్క్ కాపీ: డెస్క్‌టాప్‌ది 3.5 అంగుళాల డిస్క్, దీనికి 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ డిస్కుల కోసం అమ్మే చవక యూఎస్‌బీ కేబుల్ 5 వోల్టులే ఇస్తుంది, డిస్క్ తిరగదు. విడిగా 12 వోల్ట్, 2 ఆంప్ అడాప్టర్ వచ్చే సాటా–యూఎస్‌బీ కన్వర్టర్ తీసుకున్నాం. దాన్ని ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) ఆన్ చేసిన కంప్యూటర్‌కే తగిలించాం. విండోస్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయమంటుంది, లేదా డిస్క్‌ని సరిచేసే చెక్‌డిస్క్ నడుపుతానంటుంది. దెబ్బతిన్న డిస్క్ మీద ఈ రెండూ ప్రమాదమే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో 197వ నంబర్ వరుస, పెండింగ్ సెక్టార్లది (చదవడం కష్టమవుతున్న చోట్లది), సున్నా లేదు. అంటే డిస్క్ అలిసిపోయింది. ఇలాంటప్పుడు ఫోల్డర్లు ఒక్కొక్కటిగా కాపీ చేస్తే చెడ్డచోట ఇరుక్కుని గంటలకొద్దీ అక్కడే గీకుతుంది. డీడీరెస్క్యూ అనే లినక్స్ టూల్‌తో మొత్తం డిస్క్‌ని ఒకే ఇమేజ్ ఫైల్‌గా (డిస్క్‌కి అచ్చు నకలుగా) తీశాం. మొదటి విడతలో ‘ఎన్’ ఆప్షన్ ఇస్తే చెడ్డచోట్లను గీకకుండా బాగున్నదంతా ముందు లాగేస్తుంది. రెండో విడతలో మిగిలినచోట్ల మూడేసి సార్లు ప్రయత్నించమన్నాం. ఎక్కడిదాకా చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరిచిపోవద్దు. కరెంటు పోతే ఆగినచోట నుంచి మొదలయ్యేది దాని వల్లే. ఇమేజ్ పడే డిస్క్ 1 టీబీ ఉండాలి, దాని ఫార్మాట్ ఫ్యాట్32 కాకూడదు. అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో 500 జీబీకి నాలుగు గంటలకు పైనే. టక్ టక్ మని చప్పుడు వస్తే మాత్రం వెంటనే కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి.

ఇమేజ్‌ని రీడ్–ఓన్లీగా మౌంట్ చేశాక (ఏదీ మార్చకుండా చదవడానికి మాత్రమే తెరిచాక) యూజర్స్ ఫోల్డర్, డీ డ్రైవ్ మొత్తం వచ్చాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు నష్టం అక్కడే. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ఉమ్మడి పద్ధతి) కాదు. ఫాంట్ లేకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. అందుకని విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ కూడా పూర్తిగా కాపీ చేశాం. ఫోల్డర్ల అమరిక కదపలేదు. పేజ్‌మేకర్ బొమ్మలను పాత్ (ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) పట్టుకుని వెతుక్కుంటుంది. ఫాంట్ దొరకనప్పుడు వేరే ఫాంట్ పెట్టనా అని అడుగుతుంది, అప్పుడు ఫైల్ సేవ్ చేయొద్దు.

పేజ్‌మేకర్ కోసం ఇమేజ్‌ని వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) డిస్క్‌గా మార్చి, ఆ నకలు మీద మాత్రమే సీహెచ్ఎన్‌టీపీడబ్ల్యూ అనే రీసెట్ టూల్‌తో పాస్‌వర్డ్ తీసేశాం. బూట్‌లో 7బీ నీలి తెర (విండోస్‌కి తన డిస్క్ అందడం లేదనే ఎర్రర్) వచ్చింది: వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ కంట్రోలర్ సాటాగా ఉంది, పాత పద్ధతి ఐడీఈకి మారిస్తే లేచింది. పేజ్‌మేకర్, అను ఆయన పెట్టుకున్నవి పెట్టుకున్నట్టే నడుస్తున్నాయి.

మిగిలింది: ప్రతి పుస్తకాన్నీ అక్కడి నుంచే పీడీఎఫ్ చేయడం, తర్వాత యూనికోడ్‌కి మార్చడం. అనులో ఒక్క అక్షరమే రెండు మూడు ముక్కలుగా ఉంటుంది కాబట్టి కన్వర్టర్‌లో వెర్షన్ సరిగ్గా ఎంచాలి. మారిన పాఠాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూస్తున్నాం.